నీటి కార్తెలు

టెక్సాస్‌లో చేపలు పట్టే లైసెన్సుల లెక్క సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. గాలం వేసేవాళ్లకు ఆ మొదటి రోజు ఉగాది లాంటిది. అప్పటికి డాలస్‌లో ఎండలు ఇంకా మండుతూనే ఉంటాయి. కానీ పొద్దు కురచవుతూ ఉంటుంది, రాత్రిపూట చెరువుల్లోంచి వేడి కొద్దికొద్దిగా దిగిపోతూ ఉంటుంది. రోజంతా ఏసీ గదుల్లో గడిపే మాకు తెలియకముందే ఆ మార్పు బాస్ చేపకు తెలుస్తుంది.

నేను వెంటపడేది లార్జ్‌మౌత్ బాస్. పచ్చని వీపు, పక్కల పొడుగునా నల్లటి చార, కన్ను దాటి వెనక్కి చీలిన పెద్ద నోరు. నేను ఎక్కువగా వెళ్లేది డాలస్‌కు తూర్పున గంటన్నర దూరంలో ఉన్న లేక్ ఫోర్క్‌కి. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టారు, 1980లో పని పూర్తయింది. 27 వేల ఎకరాల నీరు. నింపేటప్పుడు చాలా చెట్లను కొట్టకుండా వదిలేశారు. పాత రోడ్లు, పశువుల కుంటలు, వాటి కట్టలు నీటి అడుగున ఇప్పటికీ ఉన్నాయి. బాగా పెద్దగా ఎదిగే ఫ్లోరిడా జాతి బాస్ పిల్లలను అందులో వదిలారు. మునిగిన ఆ నేలంతా వాటికి ఇల్లయింది.

సూర్యాపేట దగ్గర మా ఊళ్లో మా తాత పంచాంగం తెరవకుండానే ఏ కార్తె నడుస్తున్నదో చెప్పేవాడు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిర రాగానే చల్లబడే నేల, ఆరుద్రలో దుక్కి. నీటికీ అలాంటి కార్తెలున్నాయని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. టెక్సాస్‌లో ఉత్తరపు గాలి తిరిగిందంటే పొద్దున చొక్కాతో బయల్దేరినవాళ్లు సాయంత్రానికి స్వెట్టర్ వెతుక్కుంటారు. అంత పెద్ద చెరువు మాత్రం ఒక్క పూటలో మారదు, వారాలు తీసుకుంటుంది. అందుకే పడవ దింపగానే నేను మొదట చూసేది నీటి వేడి. చెరువు ఏ కార్తెలో ఉందో కనుక్కోవడం, దాన్నిబట్టి ఎర ఎక్కడ వేయాలో, ఎంత నెమ్మదిగా లాగాలో, అసలు వేయాలో వద్దో తేల్చుకోవడం. ఈ విద్యలో నాకు ప్రాణమైన భాగం అదే. చేప పడటం ఆ తర్వాతి మాట.

అక్టోబరు నాటికి నీరు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి, అంటే మన సెల్సియస్‌లో దాదాపు 27 కిందికి దిగుతుంది. షాడ్ అనే వెండిరంగు చిన్న చేపలు గుంపులు కట్టి వాగు మొదళ్లలోకి ఎగబాకుతాయి. వాటి వెనకే బాస్. తెల్లవారుజామున ఒక పాయ మూలలో నీళ్లు ఉన్నట్టుండి ఉడికినట్టు కదులుతాయి, షాడ్ గాల్లోకి ఎగురుతాయి, కొంగలు అటు తిరుగుతాయి. అక్కడికి షాడ్‌లా మెరిసే స్పిన్నర్‌బెయిట్ అనే ఎర విసిరితే చెయ్యి అదిరేలా పట్టుకుంటుంది. ఇదే కాలంలో కొన్ని రోజులు చెరువు మూగబోతుంది కూడా. వేసవంతా పైన తేలిన వేడి నీరు చల్లబడి బరువెక్కుతుంది, అడుగున ఊపిరాడకుండా పడి ఉన్న నీటితో కలిసిపోతుంది. నీళ్లు రంగు మారతాయి, మురుగు వాసన వేస్తాయి. అప్పుడు ఎంత ఖరీదైన ఎర వేసినా లాభం లేదు, నీరు కుదుటపడాలి.

చలికాలం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బాస్ శరీరం నీళ్లతో పాటే చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది, తిండి తగ్గిపోతుంది. లోతున చెట్ల మొదళ్ల దగ్గర గుమిగూడుతుంది. జిగ్ అనే ఎరను అడుగున పెట్టి, దాదాపు కదపకుండా, వేళ్లు కొంకర్లు పోతున్నా ఓపిక పట్టాలి. అయినా టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్ ఈ కాలంలో, ఈ చెరువులోనే పడింది. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన క్రాపీ అనే చిన్న చేపల కోసం బతికున్న ఎర వేస్తే 18.18 పౌండ్ల బాస్ వచ్చింది. ఎనిమిది కిలోలు దాటిన చేప. ఇన్నేళ్లయినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. రాష్ట్రంలో ఎక్కడైనా జనవరి నుంచి మార్చి చివరి వరకు 13 పౌండ్లు దాటిన బాస్ పడితే ప్రభుత్వ మత్స్యశాఖకు అప్పుగా ఇవ్వవచ్చు. వాళ్లు దాన్ని ఏథెన్స్ అనే ఊళ్లోని కేంద్రానికి తీసుకెళ్లి గుడ్లు పెట్టిస్తారు, పిల్లలను చెరువుల్లో వదులుతారు. 1986లో మొదలైన పథకం ఇది. చేపను పట్టినవాడు, దాన్ని పెంచేవాడు ఒకరినొకరు నమ్మడం మీద నడిచే ఏర్పాటు. దాని మీద నాకు ఎంతో గౌరవం.

ఫిబ్రవరిలో నీరు 50 దాటి 55 ఫారెన్‌హీట్ వైపు నడుస్తున్నప్పుడు మా పడవలన్నీ నాచు అంచులకు చేరతాయి. లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ అనే ఎర్రరంగు ఎరను నాచులోకి విసిరి, చిక్కుకోగానే ఒక్క గుంజు గుంజాలి. నాచులోంచి ఊడిపడ్డ ఆ క్షణంలోనే చేప కొడుతుంది. మట్టి ఎండ్రకాయల్లాంటి క్రాఫిష్ అని భ్రమపడుతుంది. గుడ్లతో బరువెక్కిన ఆడ చేపలు బాగా తినే రోజులు అవి.

ఆ తర్వాత వచ్చే కార్తె కోసమే నేను ఈ కాలమ్ రాస్తున్నాను.

నీరు 60 దాటగానే, అంటే 16 సెల్సియస్ దగ్గర, మగ చేపలు ఒడ్డుకు వస్తాయి. ముందుగా ఉత్తరపు ఒడ్డునున్న మూలల్లోకి. దక్షిణపు ఎండ నేరుగా అక్కడే పడుతుంది, చలిగాలి తగలదు. మోకాలి లోతు నుంచి నడుం లోతు నీళ్లలో మగది తోకతో అడుగును ఊడ్చి, బురదంతా తోసేసి, గులకరాళ్లో వేళ్లో తేలేదాకా గుండ్రటి పళ్లెంలా గూడు చేస్తుంది. ఊడ్చి ఊడ్చి తోక అంచు అరిగి నెత్తురు చిమ్మినట్టు ఎర్రబడుతుంది. ఆడది వచ్చి వేల గుడ్లు పెట్టి లోతుకు వెళ్లిపోతుంది. కాపలా అంతా మగదే. గుడ్లు పగిలేదాకా, ఆ తర్వాత పిల్లలు నల్లటి మబ్బులా గూడు మీద తేలి తిరిగేదాకా అది తిండి సరిగా ముట్టదు. బ్లూగిల్ అనే చిన్న చేపలు నాలుగు వైపులా కాచుకుని ఉంటాయి. మగది పక్కకు తప్పుకుంటే నిమిషాల్లో గూటి మీద పడతాయి.

ఉగాది ముందు మా బాపు ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్నాడు. ఒడ్డు వెంబడి నడుస్తుంటే ఆ గుండ్రటి తెల్లమచ్చలు నాకంటే ముందు ఆయన కంటపడ్డాయి. కొర్రమీను కూడా పిల్లలను కాచే చేపే. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే పెద్ద చేప కిందనే ఉందని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. “గా పిల్లల నడుమ కప్పను ఏస్తే గాలం ఇడువదు. మస్తు పట్టినం” అన్నాడు బాపు. ఇక్కడా అదే పద్ధతి ఉంది. కళ్లకు నీటి మెరుపు తగలకుండా పోలరాయిడ్ అద్దాలు పెట్టుకుని, గూడు కనిపెట్టి, ఎరను గూటి మధ్యలో కూర్చోబెడతారు. మగది దాన్ని నోట పట్టి బయట పడేయాలని చూస్తుంది. అప్పుడు గుంజుతారు.

టెక్సాస్‌లో ఇది నేరం కాదు. ఉత్తరాన కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల వసంతమంతా బాస్ పట్టడం మూసేసి జూన్‌లో తెరుస్తారు, ఎందుకంటే అక్కడ వెచ్చని రోజులు తక్కువ, ఒక గూడు పోతే మళ్లీ కట్టడానికి వ్యవధి ఉండదు. ఇక్కడ ఫిబ్రవరి చివర నుంచి మే దాకా విడతలు విడతలుగా గుడ్లు పెడుతూనే ఉంటాయి. కొన్ని గూళ్లు చెడినా చెరువు నిండుతుందనే వాదన నాకు తెలుసు, దాన్ని కాదనను. నా అభ్యంతరం వేరు. గూటి మీది చేప మోసపోయి ఎర పట్టడం లేదు. దానికి ఆకలి లేదు. గుడ్లను కాపాడటానికి నోరు తెరిచింది. సంవత్సరమంతా నేను నేర్చుకునేది ఒక ప్లాస్టిక్ ముక్కను చేపకు తిండిలా కనిపించేలా నడిపించడం. గూటి దగ్గర ఆ నేర్పుతో పని లేదు. అందుకే ఉగాది రోజుల్లో నేను ఒడ్డుకు వీపు తిప్పి, ఇంకా గూడు చేరని చేపల కోసం వాగు మలుపుల్లో వేస్తాను, లేదంటే ఊరికే చూస్తాను. ఆ మగ చేప తన గుండ్రంలో తిరగడం చూస్తూ గంటలు గడపవచ్చు.

బాపు ఒప్పుకోలేదు. “పట్టినంక ఇడిచిపెడ్తివి, ఇడిచిపెట్టెదానికి గూడు మీదిదైతేంది, బయటిదైతేంది బిడ్డా?” అన్నాడు. విడిచిపెట్టినా అది గూటికి తిరిగి చేరేలోపు బ్లూగిల్ పని ముగిస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, అసలు విడిచిపెట్టడమే ఎందుకని అడిగాడు.

ఆ ప్రశ్న ఇక్కడి తెలుగువాళ్లందరూ అడుగుతారు, అడగాల్సిందే. ఒకప్పుడు ఇక్కడా పట్టిన బాస్‌లన్నిటినీ తాడుకు గుచ్చి ఫోటో దిగి ఇంటికి తెచ్చేవాళ్లు. బాస్ పోటీలను పెద్ద ఎత్తున నడిపిన రే స్కాట్ 1972లో, పట్టిన చేపను చంపవద్దని తన సంస్థ తరఫున ఉద్యమం మొదలుపెట్టాడు. ఆ అలవాటు దేశమంతా పాకింది. కానీ విడిచిపెట్టడమే ఎప్పుడూ పుణ్యం అనుకుంటే పొరపాటు. జపాన్‌లోని బివా సరస్సులో బాస్ బయటి నుంచి వచ్చిన చేప, అక్కడి సొంత చేపలను తినేస్తుంది. 2009లో మనాబు కురిత అనే ఆయన 1932 నాటి జార్జి పెరీ ప్రపంచ రికార్డుతో సమానమైన చేపను పట్టింది అక్కడే. ఆ సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడాన్ని చట్టమే నిషేధించింది. లేక్ ఫోర్క్‌లో మరో లెక్క: 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపను తప్పకుండా వదలాలి. 24 దాటినది రోజుకు ఒక్కటి ఉంచుకోవచ్చు. 16 లోపువి ఉంచుకోవచ్చు, రోజుకు మొత్తం అయిదు మించకుండా. నిజానికి ఆ చిన్నవాటిని కొన్ని తినడం చెరువుకు మేలు. చిన్నవి కిక్కిరిసిపోతే ఉన్న తిండి ఎవరికీ చాలదు, ఏదీ పెద్దది కాదు. ఇక్కడి గాలంవాళ్లు చాలామంది అన్నిటినీ వదిలేసి గొప్ప అనుకుంటారు. నేను వాళ్లతో ఏకీభవించను.

మే దాటాక చెరువు మళ్లీ పొరలు పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీరు, కింద చల్లని నీరు, ఆ చల్లని అడుగున ప్రాణవాయువు ఉండదు. కాబట్టి చేప మరీ లోతుకు పోలేదు, పైన ఉండలేదు. మధ్యలో మునిగిన రోడ్ల అంచుల్లో, కుంటల కట్టల మీద నిలబడుతుంది. తెల్లవారగానే ఓ గంట నీటి మీద తేలే ఎర, ఆ తర్వాత ప్లాస్టిక్ పురుగు. ఈ పురుగును 1949లో ఒహాయోలో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశాడు. ఆ కంపెనీ తర్వాత మా దగ్గరలోని టైలర్ ఊరికి వచ్చింది. కొక్కెం మొన పురుగులోనే దాగి ఉంటుంది కనుక చెట్ల కొమ్మల మధ్య కూడా చిక్కుకోకుండా దిగుతుంది. ఇది కనిపెట్టకపోతే ఈ చెరువులో సగం చోట్లకు ఎర చేరేదే కాదు.

జూలై, ఆగస్టుల్లో నీరు 85 దాటుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ, చేప ఒంటికి మాత్రం ఎక్కువ కావాలి. అప్పుడు సన్నని దారంతో చాలాసేపు ఆడించి అలసిపోగొట్టడం క్రూరం. గట్టి దారం కట్టాలి, త్వరగా పైకి తేవాలి, తడి చేత్తో పట్టాలి, రెండు చేతులతో అడ్డంగా ఆనించాలి, ఒక్క ఫోటో దిగి నీళ్లలోకి పంపాలి. పెద్దదాన్ని దవడతో నిలువుగా వేలాడదీసి వరసగా ఫోటోలు దిగేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, పడవ పక్కకు తెచ్చి చెబుతాను కూడా. ఆ రెండు నెలలు పగటిపూట నేను పెద్ద చేపల జోలికి పోను. వెళ్తే రాత్రి వెళ్తాను.

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు మా వైపు ప్రతి ఇంట్లో చేప వండాలి. జూన్ మొదటి వారం దాటిన ఆ రోజున బాపును పొద్దున్నే చెరువుకు తీసుకెళ్లాను. 16 అంగుళాల లోపువి రెండు దొరికాయి, రెండింటినీ కొలబద్ద మీద పెట్టి చూపించాకే ఐసు పెట్టెలో వేశాం. ఇంటికొచ్చి బాపే పొలుసు తీశాడు, తోలు కూడా వలిచేశాడు, నాచు వాసన తోలులోనే ఉంటుందట. చింతపులుసు, మెంతిపొడి, చివర్లో కొత్తిమీర. ముల్లు తక్కువ, కండ తెల్లగా ఉంది, కానీ ఎండాకాలం చేప మెత్తగా ఉన్నదన్నాడు. చలికి పట్టినదైతే కండ గట్టిగా ఉండి ముక్క విడిపోయేది కాదట. ఈసారి డిసెంబరులో వస్తానని, ఆ జిగ్ వేయడం తనకు నేర్పమని అడిగాడు.