అరవైయొకటవ గడి: పీఠిక

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని ఆంధ్రీకరించిన పావులూరి మల్లన, చదరంగపు తొలిగడిలో ఒకటి నిలిపి గడిగడికీ రెట్టిస్తూ పోతే అరవైనాలుగు గడుల మొత్తం ఎంతవుతుందో, ఒకట్ల స్థానం మొదలుకొని భూతసంఖ్యలతో, అనగా అంకెలకు సంకేతాలైన పదాలతో, ఒక్క పద్యంలో నిక్షేపించాడు. 18446744073709551615 అనే ఆ మహారాశిలోని ఇరవై అంకెల్లో ఒక్కటైనా తప్పలేదు. యతిప్రాసల శాసనానికీ, గణిత నిర్దుష్టతకూ ఏకకాలంలో కట్టుబడి నిలిచిన పద్యమది. ఆ పరంపరకు చెందిన కృతిగానే ఈ చిరుగ్రంథాన్ని పాఠకమహాశయుల ముందుంచుతున్నాను.

గ్రంథకర్త విశాఖపట్నంలో పిల్లలకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు. మల్లన చెప్పిన ఆ చదరంగంలోనే అరవైయొకటవ గడిని ఎంచుకొని, అందులోని 1152921504606846976 అనే ఒక్క సంఖ్యను ఆశ్రయించి పుస్తకమంతా నడిపాడు. పదహారుతో మొదలుపెట్టి ఆ సంఖ్య దాకా మనను చేయిపట్టుకొని తీసుకుపోయే తీరు ప్రశంసార్హం. పదహారు కారణాంకాలు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. వాటి మొత్తం ముప్ఫైయొకటి. అది ప్రధాన సంఖ్య కనుక దాని కారణాంకాలు ఒకటీ, తానూ మాత్రమే. వాటిని కూడితే ముప్ఫైరెండు, అనగా పదహారుకు సరిగ్గా రెట్టింపు. మన మహాసంఖ్యకు కారణాంకాలు తొలి అరవైయొక్క గడుల్లోని రాశులే. వాటి మొత్తం 2305843009213693951. అదీ ప్రధాన సంఖ్యే, ఫలితమూ రెట్టింపే.

ఇట్టి వాటికి సూపర్ పర్ఫెక్ట్ సంఖ్యలని వ్యవహారం. వీటిని నిర్వచించి, వీటిలో సరిసంఖ్యలన్నీ ఈ రెట్టింపుల వరుసలోనివేననీ, అందునా ఆ గడి దాకా కూడిన మొత్తం ప్రధాన సంఖ్య కావలసిందేననీ 1969లో ఒక స్విస్ పత్రికలో రెండు పుటల్లో నిరూపించినవారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన డి. సూర్యనారాయణగారు. ఓడరేవు వల్లా, ఉక్కు కర్మాగారం వల్లా లోకానికి తెలిసిన విశాఖ నగరపు ఖ్యాతిలో ఆ రెండు పుటలకూ సమాన స్థానం ఉండాలని నా దృఢాభిప్రాయం.

అరవైనాలుగు గడుల్లో ఇట్టి భాగ్యం తొమ్మిదింటికే దక్కింది. ఆ తొమ్మిదింటిలో చివరిది అరవైయొకటవది. ఏయే గడుల దాకా కూడితే ప్రధాన సంఖ్య వస్తుందో 1644లో మెర్సెన్ అనే గణితజ్ఞుడు ఇచ్చిన జాబితాలో అరవైయొకటి లేదు. అక్కడ ప్రధాన సంఖ్యే లభిస్తుందని కంప్యూటర్లు రాని కాలంలో, 1883లో, పెర్వూషిన్ అనే రష్యన్ మతాచార్యుడు నిర్ధారించాడు. పందొమ్మిది అంకెల సంఖ్యను పరీక్షించడంలోని పరిశ్రమ ఎంతటిదో ఈ ఉదంతం చెప్పే అధ్యాయం చదివిన వారికి అనుభవంలోకి వస్తుంది. పుస్తకంలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగం ఇదే.

బేసి సంఖ్యల్లో ఇట్టిది ఒకటైనా ఉన్నదా అన్న ప్రశ్న నేటికీ తేలలేదు. ఉంటే అది పూర్ణవర్గమై తీరాలని కానోల్డ్ అనే గణితజ్ఞుడు నిరూపించాడు. ఈ ఘట్టానికి గ్రంథకర్త ఇచ్చిన చోటు చాలదు. ఆ నిరూపణను పిల్లలకు బోధపడే తెలుగులో, మలి ముద్రణలో సవిస్తరంగా చేర్చవలసిందని ఈ చిరంజీవిని కోరుతున్నాను.