బాల్యమిత్రుడు – రెండు నవలలు

తల్లిదండ్రులు దైవదత్తులు. గురువును పెద్దలు నిర్ణయిస్తారు. బాలుడు తనంతట తాను వరించేది మిత్రుని ఒక్కనినే. కనుక ఆ మిత్రుని ఎడబాటే అతని ప్రథమ స్వార్జిత దుఃఖం. బాల్యాన్ని చిత్రించే నవలాకారునికి ఈ దుఃఖనిర్వహణమే నిజమైన పరీక్ష.

శరచ్చంద్రుని 'శ్రీకాంత' ప్రథమభాగం 1917లో గ్రంథరూపం దాల్చినది. అనువాదాల ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన నవల ఇది. ఇందు ఇంద్రనాథుడు ఆటస్థలంలో చెలరేగిన కొట్లాటలో శ్రీకాంతుని కాపాడి మిత్రుడైనాడు. నడిరేయి గంగపై పడవలో చేపల దొంగతనానికి వెంట తీసుకొనిపోయినాడు. దారిలో కనిపించిన పసివాని శవాన్ని అతడు ఎత్తుకొనగా శ్రీకాంతుడు కులశంకతో జంకినాడు. శవానికి కులమేమిటని ఇంద్రుని ప్రశ్న. ఆ క్షణాన మిత్రుడు గురువైనాడు. అట్టివాడు ఒకనాడు ఇల్లు విడిచిపోయినాడు, మరల కానరాలేదు.

ఆర్. కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో వెలువడినది. రాజం పోలీసు అధికారి కుమారుడు. 1930 ఆగస్టులో మాల్గుడి వీథులలో గుమిగూడిన జనంపై లాఠీలు ప్రయోగింపజేసినవాడు అతని తండ్రియే. ఆ దృశ్యాన్ని కన్నులారా చూచియు స్వామి రాజం స్నేహాన్ని వదలుకొనలేదు. కాని ఇల్లు విడిచి పారిపోయి, దారితప్పి, క్రికెట్ పోటీనాటికి అందకపోవుటతో రాజమే అతనిని వదలుకొన్నాడు. తండ్రికి బదిలీ కాగా రాజం ఊరు విడుస్తున్నాడు. కదలిపోతున్న రైలులోని రాజంకు స్వామి తెచ్చిన పుస్తకాన్ని మణి అందించినాడు. రాజం క్షమించెనా? రచయిత చెప్పడు.

నారాయణ్ రచన కేవలం హాస్యకథ యని కొందరు భావింపవచ్చును. నాకట్లు తోచదు. శరత్ తన ఇంద్రనాథుని కాలానికి అందకుండ దాచినాడు. పాఠకుని స్మృతిలో అతడు ఎన్నడును పెరుగడు. నారాయణ్ కు ఆ సదుపాయం లేదు. రాజం మామూలు బాలుడు. తన అలుకతోనే రైలెక్కినాడు. మొదటి నవలలో వియోగం మిత్రుని పెద్దవానిని చేసినది. రెండవదానిలో కథానాయకుని పెద్దవానిని చేసినది. తాను ప్రేమించినవాడు తన్ను క్షమింపకయే పోవచ్చునన్న ఎరుకకంటె పెద్దరికం మరేమున్నది?

బాల్యాన్ని తలచినంతనే మన కలం మధురస్మృతుల వైపు మొగ్గుతుంది. ఇంద్రనాథులను సృజించుటకు మనకు ఉత్సాహమధికం. కాని మన మూలంగా నొచ్చుకొని, మాటలాడకయే వెళ్లిపోయిన రాజం వంటివాడు మనలో ఎందరికో ఉండును. వానిని గూర్చి వ్రాయుటకు కావలసినది ఊహాశక్తికంటె నిజాయితీ.