పెన్నకు నీళ్లొచ్చిన నాడు

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి పెన్న గట్టునే ఉంది. అక్కడ నిలబడి చూస్తే ఏడాదిలో చాలా నెలలు కనబడేది ఇసుక, కంపచెట్లు. నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే నది ఇక్కడ పేరుకే ఏరు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లు. అదైనా నిదానంగా కురవదు, నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఎండి గట్టిపడిన నేల అన్ని నీళ్లు తాగలేదు. వంకలన్నీ ఒకేసారి పొంగి ఏట్లో పడతాయి.

అట్లాంటి వాన వెలిసిన పొద్దున స్నేహితుడు ఫోన్ చేశాడు. “ఏటికి నీళ్లొచ్చినాయంట రా. పడవ ఎత్తుకోని పోదాం పా!” వాడి దగ్గర గాలి కొట్టి నింపే కయాక్ ఉంది. గట్టు మీద పంపు బయటికి తీస్తుండగానే, చెరువుల్లో పుట్టి వేసుకుని చేపలు పట్టే పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చాడు. కయాక్‌ను చేత్తో తట్టి చూశాడు. ఎండుకట్టె ఒకటి ఏరి ఏట్లోకి విసిరాడు. కట్టె కొంత దూరం సూటిగా పోయి, ఉన్నట్టుండి పక్కకు తిరిగి మునిగింది, మళ్లీ తేలలేదు. “ఆడ నీళ్ల కింద కంపచెట్టుండాది నాయనా. నీళ్లు పోతాయి, నువ్వు పోవు” అన్నాడు. పడవ దించలేదు.

ఆయన చేసిన పరీక్షే దుడుకు నీటి పడవ విద్యలో మొదటి పాఠం. తెడ్డు పట్టే ముందు నీటిని చదవాలి. కొట్టుకొచ్చిన చెట్టు కొమ్మల్లోంచి నీళ్లు దూరిపోతాయి; పడవనూ మనిషినీ మాత్రం ఆ కొమ్మలకే అదిమిపెడతాయి. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అక్కడి నదిని బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో దాటడం చూసి రాసిపెట్టాడు. అవి బెత్తంతో అల్లి బయట తోలు కప్పినవి, పదిహేను ఇరవై మందిని మోసేవి, తెడ్డు వేస్తుంటే గిరగిర తిరుగుతూ పోయేవి. మన పుట్టి అదే. వెదురు దబ్బలను నేలమీద పరిచి అల్లి, నడుమ రాళ్లు బరువు పెట్టి, అంచులు పైకి వంచి చుట్టూ కట్టు బిగిస్తారు. తోలు పోయి ఇప్పుడు ప్లాస్టిక్ పట్టలు, సంచులు వచ్చాయి. వాటి మీద కాగిన తారు పూస్తారు. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి జానెడు లోతు నీళ్లున్నా తేలుతుంది. ఆర్కిటిక్ తీరంలో ఇన్యూట్ వేటగాళ్లు సీల్ తోలుతో చేసుకున్న కయాక్‌దీ ఇదే సూత్రం: తేలికైన చట్రం, దాని మీద తోలు. పెద్ద మాన్లు దొరకని చోట మనుషులకు తట్టిన ఉపాయం అది.

నడిపే తీరులో తేడా ఉంది. సన్నటి కయాక్ నీటిని కోసుకుంటూ సూటిగా పోతుంది. బోర్లా పడినా, నేర్పున్నవాడు నడుము విదిల్చి తెడ్డు ఊతంతో మళ్లీ లేస్తాడు. పుట్టికి ముక్కే లేదు. నడిపేవాడు ముందు అంచున కూర్చుని నీటిని తనవైపు లాక్కుంటూ తెడ్డును అటూ ఇటూ ఆడిస్తాడు, లేకుంటే అది ఉన్నచోటే తిరుగుతుంది.

నీటిని చదవడం మాత్రం రెంటికీ ఒకటే. ఎదుటి రేవు చేరాలంటే దానికి బాగా ఎగువనుంచి బయల్దేరాలి. కయాక్ ముక్కును కొంచెం ఎగువకు తిప్పి తెడ్డేస్తే ఒరవడే ఆవలికి నెడుతుంది. రెండు బండల నడుమ నున్నటి నీళ్లు దిగువకు మొన తేలితే అది దారి. మొన ఎగువకుంటే అక్కడ నీటి కింద బండ ఉన్నట్టు. పెద్ద బండ వెనక నీళ్లు మళ్లి నిదానిస్తాయి, అక్కడ పడవ నిలిపి ముందు దారి చూసుకోవచ్చు. పడవ బండకు తగులుకుంటే భయంతో ఇవతలికి ఒరుగుతాం. అప్పుడు ఎగువ అంచు మునిగి నీళ్లు ఎక్కేస్తాయి. బండ వైపే ఒరగాలి. నీళ్లలో పడితే లేచి నిలబడకూడదు, కాలు రాళ్లలో ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలి, పాదాలు దిగువకు చాపి, గట్టు వైపు ఈదాలి.

చూపుకు సాధువుగా ఉండి ప్రాణం తీసేది చెక్‌డ్యాము మీంచి జారే నీరు. కింద పడ్డ నీరు మళ్లీ కట్ట వైపే పొర్లుతుంది, చిక్కినవాణ్ణి తిప్పి తిప్పి ముంచుతుంది. ఆరితేరినవాళ్లు కూడా అక్కడ పడవ దిగి గట్టున నడుస్తారు.

కేరళలో కోడెంచేరి దగ్గర 2013 నుంచి వానాకాలపు ఏర్లలో కయాక్ పోటీలు జరుగుతున్నాయి. పెన్న వరద అలాంటి ఆటస్థలం కాదు: బురద నీరు, కంప, కట్టలు. తెడ్డు పట్టడం నేర్చుకోవాలంటే దిగువన గండికోట లోయలో నిలవనీళ్లున్నాయి. అయినా ఈ చదువు అవసరం ఇక్కడే ఎక్కువ. గోదావరి గట్టు పిల్లవాడు రోజూ నదిని చూస్తూ పెరుగుతాడు. తాడిపత్రి పిల్లవాడికి నది పరిచయమయ్యేదే వరదగా. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో పుట్టి మునిగి, పిల్లలతో సహా పదిమందికి పైగా పోయారు. 2021 నవంబరులో వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడాల్సి వచ్చింది.

చెరువుల్లో నీళ్లున్న నెలల్లో బడిపిల్లలకు లైఫ్ జాకెట్లు తొడిగి ఈత, తెడ్డు, నీటి నడక నేర్పించవచ్చు. ఎప్పుడు దిగకూడదో తెలియడమే ఆ చదువులో పెద్ద భాగం. నేర్పగల మనుషులు ఊళ్లలో పుట్టి మీద చేపలు పడుతూనే ఉన్నారు. వాళ్లను కూలీ ఇచ్చి పిలవడమే మిగిలిన పని.