అంకె మారితే విభక్తి మారుతుంది: తెలుగు పరిశోధన గ్రంథాల అక్షరకూర్పులో సంఖ్యాసూచనలు – కొల్లేటి ఉదాహరణ

వ్యాససంగ్రహం:

పరిశోధన గ్రంథంలో పటాలకు, పట్టికలకు, సమీకరణాలకు సంఖ్యలిచ్చి, వాటిని వేరొకచోట ప్రస్తావించే పనిని నేటి అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్లు యాంత్రికంగా నిర్వహిస్తున్నాయి. అయితే వాటి ప్రస్తావనారీతి ఆంగ్ల వాక్యక్రమాన్ని అనుసరించినది. దానిని తెలుగులో యథాతథంగా వాడితే సంఖ్య మారినప్పుడల్లా విభక్తి తప్పుతుంది. ఈ లోపాన్ని పరిశీలించి, దానికి తెలుగు వాక్యంలోనే ఉన్న పరిష్కారాన్ని కొల్లేరు ప్రాంత వ్యవహారం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అక్షరకూర్పు, లేటెక్, సంఖ్యాసూచన, విభక్తి, కొల్లేరు, కాంటూరు.

1. ఉపోద్ఘాతం:

డొనాల్డ్ క్నూత్ 1978లో తొలిసారి వెలువరించిన టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ గణితశాస్త్ర గ్రంథాల కూర్పులో పెద్ద మార్పు తెచ్చాయి. లేటెక్‌లో రచయిత పటానికి సంఖ్య ఇవ్వడు, పేరు మాత్రమే పెడతాడు. ‘లేబుల్’ ఆదేశంతో పెట్టిన ఆ పేరును ‘రెఫ్’ ఆదేశంతో పిలిస్తే యంత్రం అప్పటి సంఖ్యను అక్కడ ముద్రిస్తుంది. మొదటి కూర్పులో పేర్లూ సంఖ్యలూ ఒక సహాయక ఫైలులో నమోదవుతాయి, రెండవ కూర్పులో అవి యథాస్థానాలకు చేరుతాయి. అంతవరకు సంఖ్య ఉండవలసిన చోట రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. వర్డ్‌లోనూ ఇటువంటి సదుపాయం ఉంది. ఇన్‌డిజైన్‌కు ఇది 2008 నాటి సి.ఎస్. 4తో వచ్చింది. తెలుగు ప్రచురణరంగంలో దీర్ఘకాలం వాడుకలో ఉన్న పేజ్‌మేకర్‌లో మాత్రం ఇటువంటి సూచనలను చేతితో టైపు చేయవలసి వచ్చేది.

2. సంఖ్య మారినప్పుడు:

కొల్లేటిపై తెలుగులో వెలువడే ఒక పరిశోధన గ్రంథాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల ద్వారా వచ్చే నీరు, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతానికి పోయే నీరు, ఈ రెండింటి తేడాయే సరస్సు నిల్వలో మార్పు అని చెప్పే సమీకరణం అందులో 7వది అనుకుందాం. రచయిత ఒకచోట “పై ఫలితాన్ని సమీకరణం 7కు అన్వయిస్తే” అని రాశాడు. తరువాత ఆవిరయ్యే నీటిని లెక్కించే మరొక సమీకరణాన్ని ముందు చేర్చాడు. యంత్రం తన పని తాను చేసి 7ను 8గా మార్చింది. ఇప్పుడు వాక్యం “సమీకరణం 8కు” అయింది. చదువరి నోట అది ‘ఎనిమిదికు’ అవుతుంది.

ఇకారాంతాల మీద ‘కి, ని’ రావడం, ‘ఏడు, ఆరు’ వంటి ఉకారాంతాల మీద ‘కు, ను’ రావడం తెలుగు వ్యాకరణంలో ప్రసిద్ధం. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, పది అనే సంఖ్యలకు ‘కి’ వస్తుంది. రెండు నుంచి ఏడు వరకు ‘కు’ వస్తుంది. ఇరవై చేరగానే మళ్ళీ ‘కి’. అంకె కంటికి ఒక గుర్తు మాత్రమే, చెవికి అది అజంతమైన తెలుగు పదం. యంత్రానికి ఆ పదం తెలియదు. గ్రంథం పెద్దదైతే ఇటువంటి తప్పులు పదుల సంఖ్యలో చేరతాయి. అచ్చుదిద్దేవారు ఒకసారి సరిచేసినా, మరొక పటం చేరగానే అవి తిరిగి వస్తాయి.

ఇది తెలుగుకే పరిమితమైన చిక్కు కాదు. హంగేరియన్‌లో సంఖ్యకు ముందు వచ్చే ఉపపదం ఆ సంఖ్య ఉచ్చారణను బట్టి మారుతుంది. ఆ భాషకోసం లేటెక్‌లో సూచనతోపాటు సరైన ఉపపదాన్నీ ముద్రించే ఆదేశాన్ని రూపొందించుకున్నారు. తెలుగుకూ అటువంటి ఆదేశం రాయవచ్చు. కానీ అంతకన్నా సులభమైన మార్గం భాషలోనే ఉంది.

3. కొల్లేటి వ్యవహారం:

కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించిన 1999 అక్టోబరు 4 నాటి ప్రభుత్వ ఉత్తర్వు దాని హద్దును సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తున ఉన్న సమోన్నత రేఖ వరకు నిర్ణయించింది. దానిని మూడు అడుగుల రేఖకు కుదించాలని రాష్ట్ర శాసనసభ 2008లో తీర్మానించింది. కాగితాలలో ‘ప్లస్ 5’ అని కనిపించే ఈ రేఖను ఆ ప్రాంత ప్రజలూ తెలుగు పత్రికలూ ‘ఐదో కాంటూరు’ అంటున్నారు. ‘ఐదో కాంటూరు లోపల’, ‘మూడో కాంటూరుకు కుదించాలి’ అన్న వాడుకలో సంఖ్య ముందుంది, విభక్తి నామానికి చేరింది. ఐదు మూడైనా, ఎనిమిదైనా ‘కాంటూరుకు’ అన్నది మారదు.

పరిశోధన గ్రంథాలకు కావలసిన వాక్యక్రమం ఇదే. “పటం 8కి” అనడానికి బదులు “8వ పటానికి” అని రాస్తే సంఖ్య యంత్రానిది, విభక్తి రచయితది అవుతుంది. పూరణార్థకమైన ‘వ’ అన్ని సంఖ్యలకూ ఒకే తీరున చేరుతుంది. ఉపవిభాగాలున్నచోట “3(అ) పటానికి” అంటే చాలు. లేటెక్‌లో సమీకరణాలకు ‘ఈక్యూరెఫ్’ ఆదేశం సంఖ్యచుట్టూ కుండలీకరణాలు చేరుస్తుంది కాబట్టి దాని తరువాత ‘వ’ ఎబ్బెట్టుగా ఉంటుంది. తెలుగుకు సాధారణమైన ‘రెఫ్’ ఉచితం. నామాన్ని కూడా తామే ముద్రించే ‘ఆటోరెఫ్’, ‘క్లెవర్‌రెఫ్’ వంటివి సహజంగా నామం ముందు, సంఖ్య వెనుక అన్న క్రమాన్నే పాటిస్తాయి. వాటి క్రమాన్ని మార్చగలిగినా ‘పటం, పటానికి, పటాల్లో’ అన్న రూపభేదాలు వాటికి తెలియవు. కనుక నామాన్ని రచయితే రాయడం మేలు.

4. స్థానసంఖ్య, నామసంఖ్య:

అన్ని సంఖ్యలనూ యంత్రానికి అప్పగించడమూ సరికాదు. గ్రంథంలో పటం సంఖ్య దాని స్థానాన్ని చెబుతుంది, స్థానం మారితే అదీ మారాలి. పై ఉత్తర్వుకు ఉన్న 120 అన్న సంఖ్య అటువంటిది కాదు, అది ఆ పత్రం పేరు. శాఖల ఉత్తర్వుల సంఖ్యలు ఏటా మొదటినుంచి ప్రారంభమవుతాయి కాబట్టి శాఖ, తేదీ కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడడంతో పాత పత్రాలలోని ‘పశ్చిమగోదావరి’, నేటి ‘పశ్చిమగోదావరి’ ఒకే భూభాగం కాకుండా పోయాయి. ఈ విషయంలోనూ పత్రం తేదీయే దిక్కు.

కొల్లేరు విస్తీర్ణం మరొక ఉదాహరణ. అభయారణ్యంగా అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002 ఆగస్టులో రామ్‌సార్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలగా 901 చదరపు కిలోమీటర్లు. రెండూ సరైనవే. ఏది ఏ పత్రానికి చెందినదో సూచించకుండా ఒకదానిని వాడితే, ఆ గ్రంథంలోని పటమూ పట్టికా పరస్పరం విరుద్ధంగా నిలుస్తాయి. చెరువులు హద్దుకు లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా అన్నదానిపై రైతుల జీవనం ఆధారపడిన చోట, తప్పు పటానికి దారితీసే సూచన అచ్చుతప్పుగా తీసివేయదగినది కాదు.

5. ముగింపు:

తెలుగు కావ్యాల పరిష్కర్తలు పద్యాలకు ఆశ్వాసాలవారీగా సంఖ్యలిస్తూనే, చివర పద్యారంభాలతో అకారాది సూచిక చేర్చారు. ప్రతినిబట్టి సంఖ్య మారినా పద్యారంభం చదువరిని చోటుకు చేరుస్తుంది. లేటెక్‌లోని ‘లేబుల్’ చేసే పని ఇదే. ఈ సంప్రదాయం తెలిసిన భాషకు యంత్రం నేర్పే క్రమశిక్షణ కొత్తది కాదు. కొత్తగా చేయవలసింది, విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథ నియమావళిలో రెండు నియమాలు చేర్చడమే: స్థానసంఖ్యను టైపు చేయకుండా పేరుతో పిలవాలి, ఆ సంఖ్యను నామానికి ముందు ఉంచాలి. మొదటిది యంత్రంనుంచి, రెండవది ‘ఐదో కాంటూరు’ అనే కొల్లేటి జనం నుంచి గ్రహించవచ్చు.