ఎర్రని ఆకు ఏ ఋతువుది? - జపాన్ బృందయాత్రా హైకూలలో ఋతుపద సమస్య

శరత్కాలంలో జపాన్‌కు వెళ్లే యాత్రాబృందాలలో దారి పొడవునా హైకూలు రాసుకునేవారు ఉంటారు. హైకూ ఏకాంతంలో పుట్టే కవిత అనీ, బస్సు దిగి ఆలయం చూసి గంటలో తిరిగివచ్చే గుంపులో అది పుట్టదనీ ఇటువంటి రచనలపై వినిపించే ప్రధానమైన అభ్యంతరం. హైకూ చరిత్రను పరిశీలిస్తే ఈ అభ్యంతరం నిలవదు. యాత్రా హైకూలోని అసలు లోపం గుంపులోనూ తొందరలోనూ లేదు. పరీక్షించకుండా వాడిన ఋతుపదంలో ఉంది. ఈ విషయాన్ని ప్రతిపాదించడమే ఈ వ్యాస లక్ష్యం.

గోష్ఠిలో పుట్టిన కవిత

పలువురు కవులు ఒకచోట కూర్చుని వంతులవారీగా అల్లే గొలుసు కవిత రెంగా. అందులోని తొలి ఖండిక హొక్కు. ఆనాటి ఋతువును సూచించడం, ఆతిథ్యమిచ్చినవారిని పలకరించడం హొక్కు బాధ్యతలు. 19వ శతాబ్ది చివర మసఓక షికి ఈ హొక్కును గొలుసు నుంచి విడదీసి, స్వతంత్ర కవితగా హైకూ అనే పేరుతో స్థిరపరిచాడు.

1689 నాటి ఉత్తరదేశ యాత్రలో బషో కూడా ఒంటరి కాదు; శిష్యుడు సోరా వెంట ఉన్నాడు. ఓయిషిదాలో మొగామి నది ఒడ్డున నలుగురు కవులు కూర్చుని 36 ఖండికల గొలుసు అల్లినప్పుడు, బషో తన హొక్కులో నదిని చల్లనిదిగా వర్ణించాడు. అది ఆతిథేయునికి చేసిన మర్యాద. ఆ తరువాత పడవలో ఆ నదిపై ప్రయాణించాడు. యాత్రాగ్రంథంలో చేర్చినప్పుడు ‘చల్లదనం’ స్థానంలో ‘వేగం’ వచ్చింది. గోష్ఠి ఇచ్చిన పదాన్ని అనుభవంతో సరిచూసుకోవడం ఇక్కడ కీలకం. గింకో పేరుతో బృందంగా తిరిగి హైకూలు రాయడం, కుకాయ్ సభలో రచయితల పేర్లు దాచి కవితలను ఎంపిక చేయడం నేటికీ జపాన్‌లో ఉన్న ఆచారాలే. కనుక బృందయాత్ర హైకూకు పరాయి సందర్భం కాదు.

పంచాంగమూ ప్రకృతీ

ఋతుపదాన్ని జపనీయులు కిగో అంటారు. కిగోల నిఘంటువు సైజికి. సంప్రదాయ గణన ప్రకారం శరత్తు ఆగస్టు 7, 8 తేదీల ప్రాంతంలో మొదలై నవంబరు 7 ప్రాంతంలో ముగుస్తుంది. ఎర్రబారిన మేపుల్ ఆకు, అంటే మొమిజి, శరత్తుకు చెందిన కిగో. అయితే క్యోటోలో ఆకులు ఎరుపెక్కేది ఎక్కువగా నవంబరు రెండో సగంలో. యాత్రాబృందం క్యోటోలో చూసే ‘శరత్తు’ సైజికి లెక్కలో హేమంతం. ఈ అంతరాన్ని గుర్తించినందువల్లనే ‘శీతకాలపు మొమిజి’ అనే వేరే కిగో కూడా సంప్రదాయంలో ఉంది. ఇటీవలి దశాబ్దాలలో ఉష్ణోగ్రతలు పెరిగి ఆకులు రంగు మారే కాలం వెనక్కి జరుగుతున్నకొద్దీ ఈ అంతరం మరింత విస్తరిస్తున్నది. కిగో కేవలం తేదీ కాదు, ఒక జాతి ఉమ్మడి జ్ఞాపకం; ఇప్పుడు ఆ జ్ఞాపకానికీ కంటి ముందున్న చెట్టుకూ మధ్య దూరం పెరుగుతున్నది.

తెలుగు యాత్రికుని ఋతువు

తెలుగు యాత్రికుని విషయంలో దీనికి మరొక దూరం తోడవుతుంది. తెలుగువారి శరత్తు ఆశ్వయుజ, కార్తికాలు. అది వెన్నెలకూ తెల్లని మబ్బులకూ తేరుకున్న నీటికీ పేరుపొందిన ఋతువు. ఆకు రాలేది మాఘ, ఫాల్గుణాల శిశిరంలో. ఆ వెంటనే చైత్రం చిగురిస్తుంది. జపాన్‌లో రాలిన ఆకు తరువాత వచ్చేది చలికాలం, చాలాచోట్ల మంచు.

రంగుల అర్థమూ తారుమారవుతుంది. తెలుగులో వృద్ధాప్యానికి ప్రతీక పసుపు పచ్చని పండుటాకు. ఎరుపు మామిడి చిగురుది, రావి చిగురుది. కావ్యసంప్రదాయంలో పెదవికీ అరచేతికీ ఉపమానమైన పల్లవం వసంతానిది. జపాన్‌లో ఎర్రని ఆకు ముగింపుకు ముందటి వైభవం. తెలుగులో ఎర్రని ఆకు ఆరంభం. ఎర్రని ఆకు పక్కన ముసలి యాత్రికుణ్ణి నిలిపి శరత్తు అని రాసే హైకూ ఈ వైరుధ్యాన్ని గమనించదు. అది అరువు తెచ్చుకున్న బొమ్మగా మిగులుతుంది. మొమిజిలో మామిడి చిగురు స్ఫురించిన క్షణాన్ని పట్టుకోగలిగితే ఒకే ఆకులో రెండు ఋతువులు ఎదురవుతాయి. రెండు చిత్రాల నడుమ మౌనాన్ని నిలిపే హైకూ నిర్మాణానికి ఇంతకన్న సహజమైన సామగ్రి ఉండదు.

రెండు సంప్రదాయాలూ కలిసే చోటూ ఒకటుంది. హైకూలో విశేషణం లేకుండా ‘చంద్రుడు’ అంటే శరత్ చంద్రుడే. తెలుగు కవికి శరచ్చంద్రిక కొత్తది కాదు. యాత్రికులందరి చూపూ ఆకుపైనే నిలుస్తున్నప్పుడు, తెలుగు హైకూ తన సొంత జ్ఞాపకంతో ప్రవేశించగల ద్వారం ఆకాశంలో ఉంది.

ముగింపు

1990ల దశకంలో ఇస్మాయిల్, గాలి నాసరరెడ్డి, పెన్నా శివరామకృష్ణ వంటి కవుల కృషితో తెలుగులో హైకూ నిలదొక్కుకున్నది. దానిపై చర్చ మాత్రం ఎక్కువగా 17 అక్షరాల నియమం చుట్టూ, క్లుప్తత చుట్టూ తిరిగింది. ఋతుపదాన్ని పరాయి నియమంగా భావించి పక్కన పెట్టడం సులువే. కానీ తెలుగు కవి జపాన్ నేలపై నిలబడి రాసినప్పుడు ఆ ప్రశ్న తప్పించుకోలేనిదవుతుంది. యాత్రా హైకూను ఎక్కడ, ఎంత సేపట్లో రాశారన్నది విమర్శకు కొలమానం కాకూడదు. అందులోని ఋతువు ఎవరిది, కవి దానిని తన అనుభవంతో సరిచూసుకున్నాడా అన్నవే కొలమానాలు కావాలి. ఓయిషిదాలో చెప్పిన హొక్కులో ఆ తరువాత ఒక్క పదాన్ని మార్చి బషో చేసిన పని అదే.