తూటా లేని టిక్కు

పిస్టల్ షూటింగ్ నేర్చుకునే పిల్ల ఉన్న ఇంట్లో సాయంత్రం పూట ఒక వింత తంతు నడుస్తుంది. ఎదురుగా తెల్ల గోడ. దాని మీద క్యాలెండర్ కూడా ఉంచరు. పిల్ల ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చెయ్యి చాచి పిస్టల్ ఎత్తుతుంది. ఊపిరి సగం వదిలి ఆగుతుంది. ఏడెనిమిది సెకన్లకు 'టిక్' మంటుంది. చెయ్యి వెంటనే దించదు. ఇంకో రెండు సెకన్లు అలాగే చూసి, అప్పుడు దించుతుంది. మళ్లీ ఎత్తుతుంది. వంటింటి గుమ్మంలోంచి చూసే అమ్మమ్మకు ఇదేం ఆటో అంతుపట్టదు. పేలేది లేదు, తగిలేది లేదు, లెక్క రాసేది లేదు.

షూటర్లు దీన్ని డ్రై ఫైరింగ్ అంటారు, ముద్దుగా 'డ్రై' అంటే చాలు. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధకం ఇది. మృదంగం వాయించేవాళ్లు బస్సులో కూర్చుని తొడ మీద జతులు వేసుకుంటారు చూడండి, అలాంటిదే. మోత ఉండదు, వేలు మాత్రం పాఠం మరిచిపోదు.

మోత లేకపోవడమే ఇక్కడ లాభం. తూటా పేలినప్పుడు మన శరీరం ఒక చిన్న మోసం చేస్తుంది. దెబ్బ వస్తుందని ముందే తెలిసిన మణికట్టు, వేలు నొక్కే క్షణంలోనే బిగుసుకుంటుంది. పిస్టల్ ముక్కు కిందికి వంగుతుంది. ఆ వంపును పేలుడు కప్పేస్తుంది కాబట్టి షూటర్‌కు తన తప్పు కనిపించదు, టార్గెట్ మీద చిల్లు మాత్రం పక్కకు పడుతుంది. ఖాళీ పిస్టల్‌లో కప్పడానికేమీ ఉండదు. టిక్ మన్న క్షణంలో ముందు సైటు, అంటే గొట్టం కొసన గురి చూసే మొన, ఎటు కదిలిందో కళ్లెదుటే తెలిసిపోతుంది.

ఆ కదలిక ఎంతైతే ఏమిటంటారా? పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం ఇంచుమించు 33 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు సైటు వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల అవతల గుండు 30 మిల్లీమీటర్లు తప్పుతుంది. టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. అంటే వేలు చేసిన ఒక మిల్లీమీటరు అల్లరికి పది కాస్తా ఏడైపోతుంది. అందుకే కోచ్‌లు గోడను తెల్లగా ఉంచమంటారు. గోడ మీద చుక్క ఉంటే కన్ను దాని వెంట పోతుంది. పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్న అర్జునుడు పిస్టల్ రేంజిలో చేరి ఉంటే మొదటి రోజే చీవాట్లు తినేవాడు. ఇక్కడ కన్ను నిలవాల్సింది ముందు సైటు మీద. టార్గెట్ మసకగా కనబడటమే పద్ధతి.

ఇంతవరకూ అన్ని పిస్టళ్లకూ ఒకటే కథ. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ చేతికి తీసుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది: "ఒకసారి టిక్ మంది, రెండోసారి నొక్కితే ఏమీ లేదేమిటి? పాడైందా?"

పాడవలేదు. ఎలుకల బోను తలచుకోండి. స్ప్రింగును వెనక్కి లాగి చిన్న కొక్కానికి తగిలిస్తాం. ఎలుక చేసేదల్లా ఆ కొక్కాన్ని కదపడమే. స్ప్రింగును బిగించిన బలం మనది, ఎలుకది కాదు. ఒకసారి ఠప్పున పడ్డాక కొక్కాన్ని వందసార్లు కదిపినా ఏమీ జరగదు. పిస్టల్‌లో ఆ కొక్కాన్ని సియర్ అంటారు. బిగిసి ఉన్న హ్యామర్‌ను అది పట్టి ఆపుతుంది. ట్రిగ్గర్ సియర్‌ను పక్కకు తప్పిస్తుంది, హ్యామర్ పడి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది.

మరి ఆటలో ప్రతి తూటాకూ బోను ఎవరు బిగిస్తున్నారు? పేలిన తూటాయే. గుండును ముందుకు తోసిన బలమే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే స్లైడ్‌ను వెనక్కి తన్నుతుంది. స్లైడ్ వెనక్కి పోతూ ఖాళీ డొల్లను బయటకు విసిరి, హ్యామర్‌ను మళ్లీ కొక్కానికి తగిలిస్తుంది. తిరిగి ముందుకొస్తూ మేగజీన్‌లోంచి కొత్త తూటాను ఎక్కిస్తుంది. ఈలోగా డిస్‌కనెక్టర్ అనే చిన్న ముక్క ట్రిగ్గర్‌కూ సియర్‌కూ సంబంధం తెంపేస్తుంది. వేలు కొంచెం ముందుకు వదిలితే తప్ప ఆ సంబంధం మళ్లీ కలవదు. కలిసినప్పుడు వేలికి తెలిసే సన్నని తగులును రీసెట్ అంటారు. ఒక్క నొక్కుకు ఒక్క తూటా మాత్రమే పేలడం డిస్‌కనెక్టర్ చలవే. డ్రైలో తూటా లేదు, కాబట్టి తన్నే బలమూ లేదు. స్లైడ్ కదలదు, బోను బిగియదు. తూటా చేసే పని మన రెండో చెయ్యి చేయాలి.

అయితే అన్ని పిస్టళ్లూ ఒకే తీరు కాదు. వేలి మీద ఎంత పని పడుతుందన్నదే తేడా. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం తీసుకున్న పిస్టల్ అచ్చంగా ఎలుకల బోనే. ట్రిగ్గర్ చేసేది వదలడం ఒక్కటే, దీన్నే సింగిల్ యాక్షన్ అంటారు. డ్రైలో మళ్లీ బిగించాలంటే స్లైడ్ లాగాలి, లేదా బొటనవేలితో హ్యామర్ వెనక్కి వంచాలి. మన సైన్యం వాడే ఇషాపూర్ తయారీ 9 ఎంఎం పిస్టల్ కూడా ఇదే కుటుంబం. దాని మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. ఆ హై పవర్‌లో ఒక తమాషా ఉంది. మేగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా అడ్డుపడే ఏర్పాటు పెట్టారు. భద్రత కోసమే పెట్టారు, కాదనను. కానీ డ్రై చేసేవాడు భద్రత కోసమే మేగజీన్ తీస్తాడు! చివరికి ఖాళీ మేగజీన్ మళ్లీ తొడగక తప్పదు. తొడిగే ముందు అది నిజంగా ఖాళీయేనా అని చూడక తప్పదు.

1929లో వచ్చిన వాల్టర్ పీపీ దారి వేరు. జేమ్స్ బాండ్ చేతిలో కనిపించే పీపీకే దీని తమ్ముడే. ఇది సైకిల్ బెల్లు లాంటిది. బొటనవేలు నొక్కిన ప్రతిసారీ బెల్లు మోగినట్టు, ట్రిగ్గర్ ఒకే లాగుడులో హ్యామర్‌ను ఎత్తి వదులుతుంది. డబుల్ యాక్షన్ అంటే ఇదే. డ్రైకి మహా సుఖం, స్లైడ్ ముట్టుకోకుండా ఎన్నిసార్లయినా టిక్కు టిక్కు. కానీ ఈ సుఖంలోనే పెద్ద అబద్ధం దాగుంది. నిజంగా కాల్చేటప్పుడు మొదటి లాగుడే పొడుగు, బరువు. ఆ తర్వాత స్లైడే హ్యామర్‌ను బిగిస్తుంది కనుక రెండో తూటా నుంచి ట్రిగ్గర్ తేలిక. ఊరికే నొక్కుతూ పోయినవాడు మొదటి తూటాను వందసార్లు నేర్చుకుని రెండోదాన్ని ఎప్పుడూ నేర్చుకోడు. తెలిసినవాళ్లు ఒక బరువు లాగుడు లాగి, ట్రిగ్గర్‌ను అలాగే పట్టుకుని, రెండో చేత్తో స్లైడ్ లాగి, రీసెట్ దాకా వేలు వదిలి, అప్పుడు తేలిక లాగుడు సాధన చేస్తారు.

1982లో ఆస్ట్రియా సైన్యానికి గాస్టన్ గ్లాక్ ఇచ్చిన పిస్టల్‌లో హ్యామరే లేదు. స్ట్రైకర్ అనే పిన్నును స్ప్రింగు నేరుగా ముందుకు తోస్తుంది. గిలకబావిలో బకెట్‌ను ఎవరో సగం దాకా చేది ఆపినట్టు, స్లైడ్ స్ట్రైకర్‌ను కొంత బిగించి ఉంచుతుంది. మిగతా సగం మన వేలు లాగుతుంది. టిక్ మన్నాక ట్రిగ్గర్ వెనక్కే అతుక్కుపోయి ఉంటుంది. స్లైడ్‌ను కొంచెం వెనక్కి లాగి వదిలితే చాలు, మళ్లీ ముందుకొస్తుంది. దీన్ని శుభ్రం చేయడానికి విప్పాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అంటే డ్రై ఫైరింగ్ అక్కర్లేదనుకునేవాడు కూడా గ్లాక్ విప్పిన ప్రతిసారీ చేసేది అదే.

ఆటలోకి వద్దాం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ల వయసులో, పేరున్న షూటర్లు మను భాకర్‌నూ హీనా సిద్ధూనూ దాటి పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. పది మీటర్లది గాలి పిస్టల్, ఒక్కో గుండూ చేత్తో పెట్టాలి. ట్రిగ్గర్ కదలడానికి వేలు వేయాల్సిన కనీస బరువు 500 గ్రాములు. 25 మీటర్లది పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్, ట్రిగ్గర్ కనీస బరువు కిలో. దాని ర్యాపిడ్ దశలో టార్గెట్ 3 సెకన్లు అందుబాటులో ఉంటుంది, 7 సెకన్లు ఉండదు. ఆ మూడు సెకన్లలో కిందికి దించిన చెయ్యి ఎత్తి ఒక్క తూటా కాల్చాలి. ఈ దశకు డ్రై చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ ఏడు సెకన్లలో స్లైడ్ లాగే తీరిక దొరుకుతుంది. మగవాళ్ల ర్యాపిడ్ ఫైర్ సంగతి వేరు. నాలుగు సెకన్లలో ఐదు టార్గెట్లకు ఐదు తూటాలు. డ్రైలో మొదటి నొక్కు ఒక్కటే నిజం, మిగతా నాలుగూ చచ్చిన ట్రిగ్గర్ మీద నటన. ఆ నటనతో చెయ్యి తిరిగే వేగం అబ్బుతుంది గానీ వేలు విడుపు అబ్బదని నా అభిప్రాయం.

పాయింట్ 22తో ఇంకో ఇబ్బంది ఉంది. ఈ తూటాకు మందు అంటుకునేది అంచులో. ఫైరింగ్ పిన్ కూడా అంచునే కొడుతుంది. తూటా లేకపోతే పిన్ను వెళ్లి తూటా కూర్చునే ఛాంబర్ అంచు ఇనుముకు తగులుతుంది. అదే పనిగా తగిలితే అక్కడ గంటు పడి తూటా సరిగా ఎక్కదు, పిన్ను మొన అణుగుతుంది. అందుకే పోటీ పిస్టళ్లతో డ్రై కోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ బిళ్లలో, హ్యామర్ దెబ్బ పిన్ను దాకా పోనివ్వని ఏర్పాట్లో ఇస్తారు. నడిమధ్య మందు ఉండే 9 ఎంఎం రకాలకు ఈ గొడవ తక్కువ. అయినా స్నాప్ క్యాప్ అనే డమ్మీ తూటా పెట్టుకోవడం మేలు. చాలా ఎయిర్ పిస్టళ్లలో గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గర్ ఒక్కటే బిగిసే ఏర్పాటు ఉంటుంది. పాయింట్ 177 ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు కాబట్టి మన ఇళ్లలో తెల్ల గోడలు ఎక్కువగా చూసేది వీటినే.

ఇక జాగ్రత్తలు. మేగజీన్ తీయడం ఒక్కటీ చాలదు. మేగజీన్ తీసినా ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. స్లైడ్ పూర్తిగా లాగి, కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి, అప్పుడు నమ్మాలి. తూటాల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. గోడ అవతల ఎవరి పడకగది ఉందో ముందే ఆలోచించాలి. సాధన అయిపోయి, పిస్టల్ సర్దేసి, ఫోను మాట్లాడి వచ్చాక "ఇంకొక్కటి" అనిపిస్తుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచీ చూసుకోవాలి, లేదా అసలు ఎత్తకూడదు.

పోటీల్లో కాల్చని సమయంలో బారెల్ గుండా రంగు తీగ ఒకటి పోనిచ్చి ఉంచాలన్నది నియమం. లోపల ఏమీ లేదని దూరం నుంచే కనబడటానికి. ఇంట్లోనూ పిల్ల చివరి టిక్కు తర్వాత నారింజ రంగు తీగను గొట్టంలోకి దూర్చి, రెండో కొస బయటికొచ్చిందో లేదో చూసి, పెట్టె మూస్తుంది. అమ్మమ్మ అప్పుడు క్యాలెండర్ మళ్లీ మేకుకు తగిలిస్తుంది.