చెవిలోని రసమట్టం

తెల్ల ఖడ్గమృగం మేస్తుంటే తల ఎత్తదు. వెడల్పాటి పెదవులను నేలకు ఆనించి, గడ్డిని మొదలంటా కత్తిరించుకుంటూ అడుగు ముందుకు వేస్తుంది. దానికి ముందుపళ్లు లేవు, పెదవులే కొడవలి. అంత బరువైన తలను మోయడానికి మెడ మీద మూపురంలా కండ పెరిగి ఉంటుంది. నల్ల ఖడ్గమృగం తీరు వేరు. కొనదేలిన పై పెదవిని వేలిలా మెలితిప్పి రెమ్మను నోట్లోకి లాక్కుని, దవడ పళ్లతో పుటుక్కున కొరుకుతుంది. తెగిన చోటు చూస్తే కత్తెరతో ఏటవాలుగా కోసినట్టే ఉంటుంది. పొదలు మేసేదానికి తల అంతగా దించే పని లేదు. పేర్లు ఎలా ఉన్నా రెండూ బూడిదరంగువే. తేడా అంతా మూతిలోనూ తల వాలులోనూ ఉంది.

ఆ వాలును ఎముకల్లో చదవడం పాత విద్యే. పుర్రె వెనక గోడ ఎటు ఒరిగిందో చూసి, బతికున్న ఖడ్గమృగాలూ అంతరించినవీ ఎలా జీవించాయో చెప్పడానికి 1934లోనే ఫ్రెడరిక్ జోయ్‌నర్ పూనుకున్నాడు. తర్వాతి తరం చెవి లోపలికి దిగింది.

లోపలి చెవిలో వినడానికి నత్తగుల్ల లాంటి భాగం ఉంది. దాని పక్కనే మూడు సన్నని అర్ధవృత్తాకార నాళికలు, నిండా ద్రవం. తల తిప్పితే నాళిక వెంటనే తిరుగుతుంది, ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ వెనకబాటుకు లోపలున్న జిగురు తెర వంగుతుంది, దాని అడుగునున్న రోమకణాలు మెదడుకు కబురు పంపుతాయి. మూడింటిలో పక్కకు పడుకున్న నాళికే మనకు కావలసింది. జంతువు ఉలిక్కిపడి చెవులు రిక్కించి నిలబడినప్పుడు ఆ నాళిక నేలకు సమాంతరంగా ఉంటుందన్నది ఈ పద్ధతికి పునాది. తాపీమేస్త్రి చేతిలోని రసమట్టం లాంటిదన్నమాట.

ఆ నాళికను దాచుకున్న ఎముక రాయంత గట్టిది. పూర్వం చూడాలంటే కోయాల్సిందే. ఇప్పుడు పుర్రెను సీటీ స్కాన్‌లో పెట్టి, ఆ ఖాళీని కంప్యూటర్‌లో అచ్చు పోసినట్టు నింపుతారు. నాళిక మట్టానికి వచ్చేదాకా తెర మీద పుర్రెను తిప్పి, మూతి ఎంత కిందికి దిగిందో కొలుస్తారు. నాళిక కోణానికీ తల వాలుకూ మేతకూ సంబంధం ఉండవచ్చని 2018లో రికో షెల్‌హార్న్ ఇప్పటి ఖడ్గమృగాల మీదే పరిశీలించి రాశాడు.

నా మటుకు ఈ పద్ధతి అపురూపమైనది, కానీ దీన్ని ఒంటరిగా నమ్మకూడదు. మన చెవే సాక్షి. కళ్లు తిరుగుతున్నాయని వెళితే డాక్టరు పడుకోబెట్టి, తల 30 డిగ్రీలు ఎత్తించి, చెవిలో గోరువెచ్చని నీళ్లు పోస్తారు. కాసేపట్లో కనుగుడ్లు వాటంతటవే పక్కకు కొట్టుకుంటాయి. మనం నిటారుగా నిలబడ్డప్పుడు పక్క నాళిక మట్టంగా ఉండదు, ముందువైపు కాస్త లేచి ఉంటుంది. పడుకున్నప్పుడు అది నిలువుగా నిలవాలంటే తల అంత ఎత్తాలి. మనిషిలోనే ఇంత తేడా ఉంటే ఖడ్గమృగం చెవి చెప్పినదానికి పళ్ల సాక్ష్యం కూడా కావాలి. గడ్డిలోని ఇసుకలాంటి సిలికా పళ్లను అరగదీస్తుంది, అందుకే గడ్డి మేసే తెల్లదానికి దవడ పళ్లు పొడవు. కజిరంగాలోని మన ఒంటికొమ్ము ఖడ్గమృగం గడ్డీ మేస్తుంది, ఆకులూ నీటిమొక్కలూ తింటుంది. దాన్ని ఏ ఒక్క గాటనా కట్టలేం.

ఈ విద్య మన నేలకూ అక్కరకొస్తుంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి ఎముకలు తీశారు. వాటిలోని ఖడ్గమృగానికి 1886లో పురాజీవ శాస్త్రవేత్త లైడెక్కర్ కర్నూలు పేరు మీదుగా రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. అది తల దించి మేసిందా, ఎత్తి తుంచిందా? ఊడిపోయిన చెవి ఎముక ఒక్కటే దొరికితే జవాబు రాదు, ఎందుకంటే కోణం కొలవాలంటే చెవీ మూతీ ఒకే పుర్రెలో కలిసి ఉండాలి. అలాంటి పుర్రె ఎప్పుడైనా బయటపడితే చుట్టూ ఉన్న మట్టి రాల్చకుండా, గడ్డతో సహా పైకి తీయాలి.